గాయముపై మందు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము, రావికమతము)



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము జరుగు ఈ ఉపన్యాసమును మహానగరమునందలి వైద్యకళాశాలలో గాక, చెరకు తోటల నడుమ, కల్యాణపులోవ జలాశయమునకు చేరువనున్న ఈ రావికమతములో ఏర్పాటు చేసిన పెద్దల ఆలోచన నాకు మిక్కిలి సముచితముగా తోచినది. ఏలయన, ఆ మహనీయుడు ఏ ఔషధయుగమును తెచ్చుటకు పాటుపడెనో ఆ యుగపు ఫలము నేడు ప్రయోగశాలలలో కంటె పల్లెటూరి మందుల దుకాణములలోను, ఇంటి గూటిలో పసుపు డబ్బా ప్రక్కన దాచుకొనిన లేపనపు గొట్టములలోను ఎక్కువగా కానవచ్చుచున్నది. నేను ఎన్నుకొనిన విషయము ఆ గొట్టమునకు సంబంధించినదే. శస్త్రచికిత్స చేసి కుట్లు వేసిన గాయము చీము పట్టకుండుటకై దానిపై నేరుగా యాంటీబయాటిక్ లేపనమునో పొడినో వేయుట వలన మేలు కలదా, కలదేని ఎవరికి, ఎప్పుడు, ఎంత అనునదే ప్రశ్న. చిన్న ప్రశ్నవలె కనబడును గాని, దీనికి నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు. నేటికిని ప్రపంచమునందలి వైద్యసంఘములు దీనికి ఒక్క గొంతుతో సమాధానము చెప్పుటలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున పెరిగి, మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు కోటు ధరించి వెళ్ళినందుకు శస్త్రవైద్యాచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారి ఆగ్రహమునకు పాత్రులై, పూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రముతోనే బయటికి రావలసివచ్చినది. శస్త్రవైద్యమున తనకు జరిగిన ఆ యన్యాయమును ఆయన మాటలతో ఎదుర్కొనలేదు. హార్వర్డులో దేహమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే అను తోడి పరిశోధకునితో కలిసి కనిపెట్టి, 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరి పరిశోధనలకు నాయకులైరి. అచ్చట ఆయన యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, విశ్రాంతి వయస్సు దాటిన తరువాత కొలువునకు వచ్చినవాడు, దేశదేశముల మట్టిని తెప్పించి శోధించి, మిస్సోరీ విశ్వవిద్యాలయమువారి శాన్‌బర్న్ క్షేత్రమునందలి మట్టిలో బంగారువన్నె గల ఒక సూక్ష్మజీవిని 1945లో పట్టుకొనెను. దానినుండి వచ్చినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. 1948లో ఆ ఔషధమును లోకమునకు ప్రకటించిరి. ఆ యేడే ఆగస్టు నెలలో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53. ఖద్దరు కోటు కారణముగా శస్త్రవైద్యుల మన్నన కోల్పోయిన విద్యార్థి చేతిమీదుగా సమస్త శస్త్రవైద్యులకును ఒక రక్షణ లభించినదన్న సంగతి తెలుగువారమగు మనము ఎన్నిమారులు తలచుకొనినను అధికము కాదు.

ఆరియోమైసిన్ రెండు రూపములలో వచ్చినది: మ్రింగుటకు ఒకటి, పూయుటకు ఒకటి. మ్రింగినది రక్తముద్వారా గాయమును చేరును; పూసినది పైనుండి చేరును. నా ప్రసంగమంతయు ఈ రెండు త్రోవల తారతమ్యమే.

పైనుండి చేర్చు త్రోవ పాతది. 1865లో లిస్టరు అను శస్త్రవైద్యుడు గాయముపై కార్బాలిక్ ఆమ్లమును ప్రయోగించి శస్త్రచికిత్స స్వరూపమునే మార్చెను. అయినను, ప్రథమ ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సునందలి బులోన్ సైనికవైద్యశాలలో పనిచేయుచుండిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, గాజుగొట్టపు అడుగున వాడియైన మొనలు సాగదీసి, గుండు దూరిన గాయమునందలి సందులకు నమూనాగా ఒక కృత్రిమ గాయమును నిర్మించి, అందు క్రిములు గల ద్రవమును నింపి, పారబోసి, బలమైన క్రిమిసంహారకముతో కడిగి, మరల శుభ్రమైన ద్రవము పోసి చూడగా, ఆ మొనల చివర దాగిన క్రిములు చావక మరునాటికి యథాప్రకారము వృద్ధి చెందెను. అంతేగాక ఆ మందులు క్రిములకంటె ముందుగా, వానితో పోరాడుచున్న తెల్లకణములనే చంపుచుండెను. పెనిసిలిన్ కనుగొనుటకు పదేండ్లకు పైగా మునుపే ఆయనకు కలిగిన ఈ యనుభవము మన విషయమునకు మూలసూత్రమువంటిది: గాయముపై పోసినది గాయములోనికి పోయినట్లు కాదు.

రెండవ యుద్ధమున అమెరికను సైనికులు సల్ఫానిలమైడ్ పొడి పొట్లములను వెంట ఉంచుకొని, దెబ్బ తగిలినంతనే గాయముపై చల్లుకొనెడివారు. ఫ్రాంక్ మెలెనీ అను శస్త్రవైద్యుడు అనేక వైద్యశాలల లెక్కలు కూర్చి, 1943లో, స్థానికముగా వేసిన సల్ఫా వలన గాయములు చీము పట్టుట తగ్గలేదని నిర్మొహమాటముగా ప్రకటించెను. ఈ మెలెనీగారే, బాల్బినా జాన్సన్ అను సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలితో కూడి, కాలు విరిగి గాయపడిన మార్గరెట్ ట్రేసీ అను ఏడేండ్ల బాలిక గాయమునుండి తీసిన క్రిములలో తోడి క్రిములను చంపునదొకటి ఉండుటను గమనించి, బాసిట్రాసిన్‌ను వెలికితీసిరి. ఒక మందు పనిచేయదని చెప్పుటకు వెనుకాడనివాడు మరొక మందును వెదకుటకును వెనుకాడలేదు. పరిశోధకునకు ఈ రెండు గుణములును కావలయును. బాసిట్రాసిన్, 1949లో వాక్స్‌మన్, లెషెవాలియేల చేత వెలువడిన నియోమైసిన్, పాలిమిక్సిన్, ఈ మూడును సూదిద్వారా ఎక్కించిన మూత్రపిండములకో, నరములకో, చెవులకో హాని చేయునవి గనుక క్రమముగా చర్మమునకే పరిమితమైనవి. మన దుకాణములలో నియోస్పోరిన్ పొడి అనునది ఈ మూటి కూర్పే. సోఫ్రామైసిన్ అనునది నియోమైసిన్‌కు తోబుట్టువే.

ఇక సిద్ధాంతము. స్థానిక ప్రయోగమును సమర్థించువారి వాదము బలహీనమైనది కాదు. రక్తముద్వారా వచ్చు మందు, రక్తప్రసారము చెడిన కణజాలమును సరిగా చేరజాలదు. పైనవేసిన మందో, రక్తములో ఎన్నటికిని సాధింపజాలని గాఢతను గాయమునొద్ద సాధించును, తక్కిన దేహమునకు దాదాపు సోకదు. ప్రతిపక్షవాదము కాలమునకు సంబంధించినది. కత్తి చర్మమును కోయుచుండగనే క్రిములు ప్రవేశించును. కుట్లు వేయునాటికి అవి లోపలనుండును. మనము లేపనము పూయునది కుట్లపైన. 1961లో జాన్ బర్క్ సీమపందులపై చేసిన ప్రయోగములలో, క్రిములకంటె ముందుగా మందు దేహమున నున్నప్పుడు వాపు అణగినది. క్రిములు ప్రవేశించిన మూడు గంటల తరువాత ఇచ్చిన మందువలన ప్రయోజనమే లేకపోయినది. అమెరికాలో 2,847 మంది రోగులను పరిశీలించి 1992లో ప్రకటించిన లెక్కలును ఇట్లే యున్నవి: కోతకు ముందు రెండు గంటలలోపల యాంటీబయాటిక్ ఇచ్చినవారిలో గాయము చెడినది నూటికి 0.6 మందికి, కోత జరిగి మూడు గంటలు దాటిన తరువాత ఇచ్చినవారిలో నూటికి 3.3 మందికి. మందు ఒక్కటే, కాలము వేరు.

ఇట్లుండగా, మన ప్రాంతమునకు అత్యంత సన్నిహితమని నేను భావించు ఒక పరీక్షను కొంచెము విస్తరించి చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున మెకే అను పట్టణము కలదు. అది చెరకు దేశము. ఉక్కయు చెమటయు అధికము. అనకాపల్లి బెల్లపు మండీనుండి ఎవరినైనను కొనిపోయి అచ్చట నిలిపినచో గాలిలోని తేమను బట్టి పరాయి దేశమని అనుకొనడు. అట్టి ఉష్ణప్రాంతములలో చిన్నచిన్న కోతలును తరచుగా చీము పట్టుచుండుట గమనించి, క్లేర్ హీల్ అను సామాన్య వైద్యురాలు, తన తోడివైద్యులతో కలిసి, చర్మముపై మచ్చలను గడ్డలను కోసి కుట్లు వేసిన 972 మందిని, అందును చెడుటకు ఎక్కువ యవకాశమున్న గాయములు గలవారిని, రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు కుట్లు ముగిసినంతనే క్లోరాంఫెనికాల్ లేపనము ఒక్కమారు, ఒక్కమారే సుమా, పూసిరి. రెండవ వర్గమునకు మందు లేని పారఫిన్ లేపనమును అదే విధముగా పూసిరి. ఎవరికి ఏది పూసినదియు రోగికిగాని వైద్యునికిగాని తెలియదు. మందు పూసినవారిలో నూటికి 6.6 మందికి, పూయనివారిలో నూటికి 11.0 మందికి గాయము చెడినది. అనగా నూటికి నలుగురైదుగురు తప్పించుకొనిరి. ఒక్కరిని కాపాడుటకు ఇరువదిముగ్గురికి మందు పూయవలయును.

ఈ ఫలితమును 2009లో ప్రకటించునప్పుడు వారు చూపిన నిజాయితీ నన్ను ఆకర్షించినది. పరీక్ష ప్రారంభింపకమునుపే, నూటికి 5 పాళ్ళైనను తగ్గినగాని దీనిని వైద్యమున లెక్కింపదగిన మేలుగా ఒప్పుకొనరాదని వారు నియమము పెట్టుకొనిరి. వచ్చినది 4.4. గణితశాస్త్రము అవునన్నది, తాము గీచిన గీత కాదన్నది. ఎవరును చూడకుండ ఆ గీతను కొంచెము జరుపవచ్చును. కాని వారు జరుపలేదు. మేలు గణితరీత్యా నిజమే గాని చికిత్సరీత్యా చాలదని వ్రాసిరి. లాభము కలదని చెప్పు వ్యాసమునకంటె లాభము ఇంతేనని చెప్పు వ్యాసము వలన మనకు ఉపకారమెక్కువ.

తరువాత 2016లో ఇదే వైద్యురాలి బృందము, కాక్రేన్ సంస్థ పక్షమున, ప్రపంచమునందు జరిగిన ఇట్టి 14 పరీక్షలను, 6,466 మంది రోగుల వివరములను ఒక్కచోట చేర్చి పరిశీలించి, పూయనివారితో పోల్చిన పూసినవారిలో గాయములు చెడుట మొత్తముమీద నూటికి సుమారు 39 వంతులు తగ్గుననియు, వేయిమందిలో ఇరువదిమంది మేలు పొందుదురనియు నిర్ణయించెను. మరుసటి సంవత్సరమే అమెరికా వ్యాధినియంత్రణ సంస్థవారు, శస్త్రచికిత్స కోతపై లేపనములుగాని ద్రావణములుగాని పొడులుగాని నివారణార్థము వేయనే వలదని సిఫారసు చేసిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, కుట్లు వేయుటకు ముందు గాయమును యాంటీబయాటిక్ నీటితో కడుగవలదని 2016లో చెప్పియుండెను. ఒకరు మేలు కలదందురు, మరొకరు వలదందురు. శాస్త్రమే తడబడుచున్నదా?

తడబడుటలేదని నా మనవి. ఈ వైరుధ్యమునకు మూలము మందులో లేదు, మందుకు పూర్వము గాయము చెడు దామాషాలో కలదు. మెకేలో వలె నూటికి పదునొకండు గాయములు చెడుచోట, మూడవవంతుకు పైగా తగ్గించు మందు ఇరువదిముగ్గురిలో ఒకరిని కాపాడును. శుభ్రమైన ఆపరేషను గదిలో, సమయమునకు ముందుగా యాంటీబయాటిక్ పొందిన రోగికి నూటికి ఒక్క గాయమే చెడుచోట, అదే మందు ఒక్కరిని కాపాడుటకు సుమారు 250 మందికి పూయవలసియుండును. ఆ తక్కిన 249 మంది చర్మమునకు దురదయు, ఊరికంతకు మందు లొంగని క్రిములును మాత్రమే మిగులును. కనుక గొట్టము మంచిదా చెడ్డదా అను ప్రశ్నయే పొరపాటు; ఎచటి గాయమునకు అని అడుగవలయును.

ప్రమాదవశమున తెగిన గాయముల విషయము దీనికి దృష్టాంతము. చెరకు కోయునప్పుడు కత్తి జారి కాలిపిక్క తెగినవాని గాయము శస్త్రవైద్యుని కోతవంటిది కాదు. అందులో మట్టియు ఆకుముక్కలును ఉండును. 1995లో అమెరికను సైనిక వైద్యశాలయొక్క అత్యవసర విభాగమున 426 మందిపై జరిగిన పరీక్షలో, వట్టి పెట్రోలియం జెల్లీ పూసినవారిలో నూటికి 17.6, బాసిట్రాసిన్ పూసినవారిలో 5.5, మూడుమందుల లేపనము పూసినవారిలో 4.5 గాయములు చెడినవి. ఆ మరుసటి యేడు, చర్మవైద్యులు శుభ్రముగా కోసిన గాయములపై 922 మందితో జరిగిన పరీక్షలో జెల్లీకిని బాసిట్రాసిన్‌కును గణనీయమైన భేదమే కానరాలేదు. పైగా బాసిట్రాసిన్ పూసినవారిలో నలుగురికి మందు పడక చర్మము పొక్కెను, జెల్లీ పూసినవారిలో ఒక్కరికిని పొక్కలేదు. అదే మందు ఒకచోట రక్షకము, మరొకచోట నిష్ప్రయోజనము.

మందు ఎక్కువైనకొలది, లోతుకు పోయినకొలది మేలు పెరుగుననుకొనుటయు తగదు. పెద్దప్రేగు ఆపరేషనులలో జెంటామైసిన్ నింపిన కొల్లాజెన్ స్పంజీని కుట్లకు ముందు గాయములో అమర్చి 602 మందిపై చేసిన పరీక్ష 2010లో వెలువడినది. స్పంజీ పెట్టినవారిలో నూటికి 30.0, పెట్టనివారిలో 20.9 గాయములు చెడినవి! కాపాడుటకు పెట్టినది కీడు చేసినది. ఇందుకు భిన్నముగా, మోకాలి దగ్గరను చీలమండ దగ్గరను ఎముక చితికిన 980 మంది గాయములలో వాంకోమైసిన్ పొడి చల్లి చూడగా, లోతైన చీము నూటికి 9.8 నుండి 6.4కు తగ్గినదని 2021లో తేలెను. ఆ తగ్గినదియు వాంకోమైసిన్‌కు లొంగు జాతి క్రిముల వలన కలుగు చీము మాత్రమే. ఏ అవయవమో, ఏ క్రిమియో, ఏ క్షణమో తెలియక స్థానిక చికిత్సను గూర్చి సామాన్యసూత్రము పలుకుట సాహసము.

ఇప్పుడు పల్లెలోనికి వత్తము. కుట్లు వేసిన ఒకటి రెండు దినములలోనే గాయపు అంచులు రక్తపు జిగురుతో అతుకుకొని, పైనుండి క్రిములు దూరుటకు చాలవరకు మార్గము మూసికొనును. కాని మన యిండ్లలో లేపనము పూయుట సాధారణముగా కట్టు విప్పిన పిమ్మటనే ప్రారంభమై, కుట్లు విప్పిన తరువాత సైతము వారముల తరబడి సాగును. కొందరికి ఐదారు దినములకు కుట్లచుట్టును ఎర్రబడి, దురదపెట్టి, సన్నని పొక్కులనుండి నీరు కారును. అది చూచి ఇంటివారు "సెప్టిక్ అయింది" అని బెదరి, అదే గొట్టమును రెండింతలుగా పూయుదురు. అది చీము కాదు, ఆ మందే చర్మమునకు పడకపోవుట. రెంటికిని గల భేదమును గుర్తుపట్టుటకు ఉపాయము కలదు: ఇచ్చట నొప్పికంటె దురద యెక్కువ, జ్వరముండదు, ఎర్రదనము లేపనము ఎంతమేర పూయబడినదో అంతమేర హద్దు గీచినట్లుండును. గొట్టము మానిన తగ్గును. నియోమైసిన్ పడనివారికి సోఫ్రామైసిన్ కూడ పడదని, ఇవి యొక్క కుటుంబమువని, మందు మార్చి పూసితిమనుకొనువారు తెలిసికొనవలయును. ఈ సభలో ఆశా కార్యకర్తలును నర్సమ్మలును ఎందరో ఉన్నారు. ఈ ఒక్క గుర్తును వారు ఇంటింట చెప్పినచో ఎన్నో అనవసరపు సూదులు తప్పును.

మరొక నష్టము కంటికి కానరాదు. న్యూజిలాండులో మ్యుపిరోసిన్ లేపనమును 1991 నుండి చీటీ లేకుండ అమ్మనిచ్చిరి. దశాబ్దము తిరుగకముందే ఆ దేశపు స్టెఫిలోకాకస్ క్రిములలో ఆ మందునకు లొంగనివి ఆందోళనకరముగా పెరుగగా, 2000లో ఆ స్వేచ్ఛను ఉపసంహరింపవలసివచ్చినది. ఆ మ్యుపిరోసినే, గుండె ఆపరేషనుకుగాని ఎముకల ఆపరేషనుకుగాని పోవుచు ముక్కులో ఈ క్రిమిని మోయువారికి ముక్కులోపల పూయవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ గట్టిగా సిఫారసు చేయుచున్నది. ఎవరో గోటిచుట్టుపై వ్యర్థముగా పూసికొనిన మందు, మరియొకరి గుండె ఆపరేషనునాటికి పనిచేయక పోవచ్చును. సుబ్బారావుగారు పాల్గొని తెచ్చిన టెట్రాసైక్లిన్‌కు కూడ 1950లలోనే వైద్యశాలల స్టెఫిలోకాకస్ క్రిములు ఎదురుతిరిగినవన్న సంగతి మనము మరువరాదు. యాంటీబయాటిక్ అనునది కొన్నవాని సొత్తు కాదు, ఉమ్మడి ఆస్తి. దాని నరుగదీయు హక్కు ఏ ఒక్కరికిని లేదు.

లేపనముపై మనకు గల ఈ మక్కువలో నాలుగవవంతు, నిజముగా గాయమును కాపాడు తక్కిన సంగతులపై ఉన్నయెడల ఎంత మేలు! ఆపరేషనుకు ముందు సబ్బుతో స్నానము. కోయుచోట వెండ్రుకలను మంగలికత్తితో గీయకుండుట, తప్పనిచో కత్తిరించుట మాత్రమే చేయుట. కోతకు ముందు రెండు గంటలలోపల సూదిద్వారా యాంటీబయాటిక్. చక్కెరవ్యాధి గలవారికి దానిని అదుపునకు తెచ్చుట. పిమ్మట ఆహారము. మన ప్రాంతమున ఆపరేషను జరిగినవారికి పప్పు పెట్టరు. పెట్టిన చీము పట్టునని భయము. పెద్దల మాటయందు నాకు గౌరవము కలదు గాని, ఈ మాటకు ఆధారము లేదు. గాయమును అతుకుటకు కావలసిన మాంసకృత్తులు పప్పులోను గుడ్డులోను ఉన్నట్లు చారన్నములో చాలినంత లేవు. బాలింతలై, పెద్ద ఆపరేషనుతో బిడ్డను కని, మంచమున ఉండి, పథ్యము పేరిట కారపుపొడి మెతుకులతో నెలదాటించుచున్న తల్లుల కడుపుపై కుట్లు ఎట్లు అతుకును? ఈ యొక్క విషయమున నేను ఇంటి పెద్దలను చేతులు జోడించి వేడుకొనుచున్నాను: పప్పు పెట్టుడు, గుడ్డు పెట్టుడు.

అయినచో రావికమతపు గాయమునకు లేపనము వేయవలయునా వలదా? మట్టిపడిన గాయమును పుష్కలముగా శుభ్రమైన నీటితో కడిగి, ధనుర్వాతపు టీకా ఇచ్చి, కుట్లు వేసిన పిదప, ముఖ్యముగా మోకాలికి దిగువనున్నప్పుడు, వైద్యుడు తన చేతితో పరిమితముగా లేపనము వేయుట సమంజసమని నా యభిప్రాయము. ఆపరేషను గదిలో శుభ్రముగా కోసి కుట్టిన గాయముపై వేయనక్కరలేదు. తేమకొరకు వట్టి జెల్లీ చాలును. కాని ఈ యభిప్రాయము అంతయు ఒక అంకెపై ఆధారపడియున్నది: మన చుట్టుపట్ల కుట్లు వేసిన నూరు గాయములలో ఎన్ని చెడుచున్నవి? మెకేలోని సామాన్య వైద్యులు పెద్ద ప్రయోగశాలతో పనిలేకయే తమ యంకెను కనుగొనిరి. దానికి కావలసినది రూళ్ళు గీచిన ఒక పుస్తకము: గాయము తేది, అది తెగినదా కోసినదా, దేహమున ఎచట, కోతకు ఎన్ని నిమిషములకు ముందు మందు ఇచ్చిరి, పైన ఏమి వేసిరి, కుట్లు విప్పిననాడు ఎట్లున్నది, 30వ దినమున ఎట్లున్నది. ఈ కడపటి గడి ముఖ్యము. ఏలయన, శస్త్రచికిత్స గాయము చెడుటను 30 దినములవరకు లెక్కింపవలయునని అంతర్జాతీయ నియమము, మన రోగులో కుట్లు విప్పిన మరునాటినుండి కానరారు. అప్పుడు వారి యింటికి పోయి చూడగలవారు ఆశా కార్యకర్తలే. ఒక వర్షాకాలమును, ఒక చెరకు కోతల కాలమును ఈ పుస్తకము నిండినచో, అంకె నూటికి రెండైన గొట్టమును ప్రక్కన పెట్టుదము. పదునొకండైన, మొదట ఆవిరితో పనిముట్లను శుద్ధి చేయు ఆటోక్లేవును, చేతులు కడుగు కుళాయిని, సూదిమందు ఇచ్చిన వేళను పరీక్షింతము. అవన్నియు సరిగానుండియు అంకె దిగనిచో, అప్పుడు లేపనపు మాట తలపెట్టి, మెకేవారి వలె ఒక్కమారు పూసి, మరల లెక్కింతము.